స్క్రూ తిప్పితే మైలేజ్ పెరుగుతుందా? పాత కార్బురేటర్ కారు, కొత్త ఇంజెక్షన్ కారు.. గాలి-పెట్రోల్ లెక్క ఇదీ!

"అన్నా.. బండి మైలేజ్ రావట్లేదు, కొంచెం ట్యూనింగ్ చేసి పెట్టు." మెకానిక్ షెడ్డులో రోజూ వినిపించే మాటే ఇది. పాత మారుతి 800 అయితే మెకానిక్ బానెట్ ఎత్తి, చిన్న స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ దగ్గర అర చుట్టు తిప్పి, చెవి పెట్టి విని.. "ఇప్పుడు చూడు" అంటాడు. అదే నాలుగేళ్ల కిందట కొన్న కారు తీసుకెళ్తే? తిప్పడానికి అక్కడ స్క్రూ ఉండదు. స్టీరింగ్ కింద ఓ సాకెట్‌లో స్కానర్ పెట్టి, మొబైల్ స్క్రీన్ మీద అంకెలు చూస్తాడు.

రెండు చోట్లా జరిగే పని మాత్రం ఒక్కటే. ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి ఎంత, పెట్రోల్ ఎంత అన్న లెక్క సరిచూడడం. ఈ లెక్క తప్పితే పోయేది మైలేజ్ ఒక్కటే కాదు. ప్లగ్గులు పోతాయి, సైలెన్సర్ లైన్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుంది, ఒక్కోసారి పిస్టనే కరిగిపోతుంది. ఇప్పుడు బంకుల్లో ఈ20 పెట్రోల్ వచ్చాక ఈ లెక్క ఇంకాస్త మారింది. మరి ఏ కారుకి ఏం చేయించాలి? ఏం చేయించకూడదు? సింపుల్‌గా చూద్దాం.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి

మా నాన్నకి ఓ పాత మారుతి 800 ఉండేది, కార్బురేటర్ మోడల్. ఓసారి సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, వణికి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఓ షెడ్డులో చూపిస్తే మిక్చర్ స్క్రూ బాగా విప్పి పెట్టారు. వణుకు తగ్గింది, నాన్న హ్యాపీ. కానీ నెల తిరిగేసరికి సిటీ మైలేజ్ పడిపోయింది. పొల్యూషన్ టెస్టుకి తీసుకెళ్తే ఫెయిల్.

తర్వాత ఓ పెద్దాయన చూశాడు. స్క్రూ ముట్టుకోలేదు. ఇంజిన్ ఆన్ చేయించి, ఇంటేక్ మానిఫోల్డ్ అతుకు దగ్గర నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేశాడు. ఓ మూల ఆయిల్ పడగానే ఇంజిన్ శబ్దం మారిపోయింది. "గ్యాస్కెట్ పోయింది బాబూ, ఇక్కడ గాలి లాగుతోంది" అన్నాడు. ఆ ఇంజిన్‌కి మూడు సిలిండర్లు. గాలి లీకవుతున్న సిలిండర్‌కి సరిపోవాలని స్క్రూ విప్పితే, మిగతా రెండింటికీ పెట్రోల్ ఎక్కువైపోయింది. గ్యాస్కెట్ మార్చి, స్క్రూ మళ్లీ మామూలు చోటికి తెస్తే బండి సెట్ అయిపోయింది.

అంటే స్క్రూ జబ్బుని తగ్గించలేదు, దాచేసింది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అసలు లెక్క ఏంటి?

పెట్రోల్ పూర్తిగా కాలాలంటే 1 కిలో పెట్రోల్‌కి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. దీన్నే 14.7:1 అంటారు. ఇది బరువు లెక్క. లీటర్లలో చెప్పుకుంటే మతిపోతుంది. 1 లీటర్ పెట్రోల్ కాలడానికి దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి!

ఇంజినీర్లు ఈ సరైన నిష్పత్తిని 'లాంబ్డా 1' అంటారు. లాంబ్డా 1 కంటే తక్కువైతే పెట్రోల్ ఎక్కువ ఉన్నట్టు, దీన్ని 'రిచ్' మిక్చర్ అంటాం. 1 దాటితే గాలి ఎక్కువ ఉన్నట్టు, అది 'లీన్'.

అయితే ఇంజిన్‌కి ఎప్పుడూ 14.7 ఒక్కటే సరిపోదు. సందర్భాన్ని బట్టి మారాలి.

- చలిలో ఉదయం స్టార్ట్ చేసేటప్పుడు: బాగా రిచ్‌గా కావాలి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి.
- ఒకే స్పీడ్‌లో హైవే మీద వెళ్లేటప్పుడు: 14.7 లేదా ఇంకాస్త లీన్. 15.5 నుంచి 16 మధ్యలో మైలేజ్ బాగా వస్తుంది.
- ఫుల్ యాక్సిలరేటర్ తొక్కి ఓవర్‌టేక్ చేసేటప్పుడు: 12.5 నుంచి 13 మధ్య. పవర్ ఎక్కువ వచ్చేది ఇక్కడే. అదనపు పెట్రోల్ సిలిండర్ లోపల వేడిని కూడా తగ్గిస్తుంది.

ఈ మార్పులన్నీ డ్రైవర్‌కి తెలియకుండా క్షణాల్లో జరిగిపోవాలి. కార్బురేటర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ రెండూ చేసే పని ఇదే. ఒకటి గాలి ఒత్తిడితో చేస్తుంది, ఇంకొకటి కంప్యూటర్‌తో చేస్తుంది.

రిచ్ అయితే ఏమవుతుంది? లీన్ అయితే ఏమవుతుంది?

రిచ్ అయితే.. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ, పెట్రోల్ వాసన వస్తాయి. ప్లగ్ విప్పి చూస్తే నల్లగా మసి పట్టి ఉంటుంది. మైలేజ్ పడిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరని కడిగేసి, కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ని పల్చన చేస్తుంది. దీంతో పిస్టన్ రింగులు త్వరగా అరుగుతాయి.

లీన్ అయితే.. యాక్సిలరేటర్ తొక్కగానే ఓ క్షణం ఆగినట్టు అవుతుంది, పికప్ ఉండదు. ఒకే స్పీడ్‌లో వెళ్తున్నా బండి ముందుకీ వెనక్కీ లాగినట్టు జర్క్ ఇస్తుంది. కార్బురేటర్ బండ్లలో ఒక్కోసారి 'టప్' మని బ్యాక్ ఫైర్ వస్తుంది. ప్లగ్ కొన తెల్లబారిపోతుంది. ఎక్కువ లోడ్‌లో లీన్‌గా నడిస్తే నాకింగ్ మొదలవుతుంది. అదే కొనసాగితే వాల్వులు, పిస్టన్ దెబ్బతింటాయి.

ప్లగ్ కొన లేత గోధుమ రంగులో, పాలు కలిపిన కాఫీలా ఉంటే మిక్చర్ బాగుందని పాత మెకానిక్‌లు చెప్పేది అందుకే.

ఇక్కడ ఓ అపోహ. "పెట్రోల్ తగ్గిస్తే మైలేజ్ పెరుగుతుంది కదా, లీన్‌గా పెట్టేయ్" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. కొంతవరకు నిజమే. కానీ హద్దు దాటితే బండికి బలం చాలక మీరే యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కుతారు. మిగిలింది కాస్తా అక్కడ పోతుంది. పైగా ఇంజిన్ రిపేర్ బిల్లు అదనం.

కార్బురేటర్: గాలే పెట్రోల్‌ని లాగుతుంది

కార్బురేటర్‌లో కరెంటు మెదడు ఏమీ ఉండదు. గాలి వెళ్లే గొట్టం మధ్యలో సన్నబడి ఉంటుంది, దాన్ని వెంచురీ అంటారు. సన్నటి చోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఆ తక్కువ ఒత్తిడి పక్కనున్న చిన్న తొట్టి నుంచి పెట్రోల్‌ని జెట్ గుండా పైకి లాగుతుంది. తొట్టిలో లెవెల్ కాపాడేది ఫ్లోట్. మన ఇంటి మీద వాటర్ ట్యాంకులో బంతి వాల్వ్ ఉంటుందే, అచ్చం అలాగే.

ఒక్క జెట్‌తో అన్ని పనులూ కావు. అందుకే లోపల వేర్వేరు దారులు ఉంటాయి.

- బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చేది పైలట్ జెట్, మిక్చర్ స్క్రూ.
- మామూలు డ్రైవింగ్‌లో ఇచ్చేది మెయిన్ జెట్.
- ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే పిచికారీలా పెట్రోల్ చిమ్మేది యాక్సిలరేటర్ పంప్.
- చలిలో స్టార్టింగ్‌కి గాలి దారి మూసి మిక్చర్‌ని రిచ్ చేసేది చోక్.

దీన్ని బట్టి ఓ ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. మెకానిక్ తిప్పే ఆ మిక్చర్ స్క్రూ ప్రభావం స్లోలోనూ, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడూ మాత్రమే. హైవే మీద 80లో వెళ్తున్నప్పుడు పెట్రోల్ వచ్చేది మెయిన్ జెట్ నుంచి. హైవే మైలేజ్ రావట్లేదని మిక్చర్ స్క్రూ తిప్పితే పెద్దగా ఉపయోగం లేదు. అక్కడ చూడాల్సింది మెయిన్ జెట్ సైజు, ఫ్లోట్ లెవెల్, ఎయిర్ ఫిల్టర్.

సరిగ్గా ట్యూన్ చేయాలంటే ఈ ఆర్డర్ తప్పకూడదు

స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకునే ముందే మిగతావన్నీ సరిగ్గా ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా? ప్లగ్ గ్యాప్ సరిపోయిందా? ఇగ్నిషన్ టైమింగ్, వాల్వ్ క్లియరెన్స్ ఓకేనా? వ్యాక్యూమ్ పైపులు పగిలాయా? ఇవి చూడకుండా మిక్చర్ సెట్ చేస్తే మా నాన్న కారు కథే రిపీట్ అవుతుంది.

1. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి. చోక్ పూర్తిగా తీసేసి ఉండాలి. చల్లటి ఇంజిన్‌కి చేసిన సెట్టింగ్ వేడెక్కాక పనికిరాదు.

2. ఇంజిన్ ఆపి, మిక్చర్ స్క్రూని చివరిదాకా మెల్లగా బిగించాలి. తగలగానే ఆపేయాలి. గట్టిగా బిగిస్తే సూది మొన పాడైపోయి, తర్వాత ఎంత తిప్పినా సెట్ కాదు.

3. అక్కడి నుంచి ఒకటిన్నర నుంచి రెండు చుట్లు వెనక్కి విప్పాలి. కచ్చితంగా ఎన్ని చుట్లన్నది ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

4. ఇంజిన్ స్టార్ట్ చేసి, స్లో స్క్రూతో స్లో సెట్ చేయాలి.

5. ఇప్పుడు మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగాలి. ఎక్కడ ఇంజిన్ ఎక్కువ స్పీడ్‌లో, నున్నగా తిరుగుతుందో ఆ పాయింట్ పట్టుకోవాలి.

6. దాన్నుంచి కొద్దిగా లీన్ వైపు, ఇంజిన్ స్పీడ్ కాస్త తగ్గేదాకా తిప్పి ఆపాలి. స్లో మళ్లీ సరిచేయాలి.

7. చివర్లో ఎగ్జాస్ట్ గ్యాస్ ఎనలైజర్‌తో కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ చూడాలి. చెవి కంటే మిషన్ మాటే ఖాయం.

ఇంకో చిన్న జాగ్రత్త. అన్ని కార్బురేటర్లలోనూ స్క్రూ ఒకేలా పనిచేయదు. కొన్నింట్లో అది పెట్రోల్‌ని నియంత్రిస్తుంది, విప్పితే రిచ్ అవుతుంది. కొన్నింట్లో, ముఖ్యంగా చాలా బైకుల్లో, అది గాలిని నియంత్రిస్తుంది. అక్కడ విప్పితే లీన్. ఏదో తెలుసుకోకుండా తిప్పితే వ్యవహారం రివర్స్ అవుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాకముందు కొన్న బైకుల్లో చాలావాటికి ఇంకా కార్బురేటరే ఉంది కాబట్టి ఇది బైక్ ఉన్నవాళ్లకీ పనికొచ్చే విషయమే.

ఘాట్ ఎక్కితే లెక్క మారిపోతుంది

విశాఖలో సముద్రం ఒడ్డున సెట్ చేసిన కార్బురేటర్ బండిని అరకు తీసుకెళ్లారనుకోండి. అక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు దాటుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. కానీ జెట్ రంధ్రం అదే సైజు. దాంతో గాలి బరువు తగ్గినంతగా పెట్రోల్ తగ్గదు, మిక్చర్ రిచ్ అవుతుంది. అరకులో ఈ తేడా కొద్దిగానే ఉంటుంది. ఊటీ లాంటి 2200 మీటర్లు దాటిన చోట మాత్రం దాదాపు 10 శాతం రిచ్ అవుతుంది. పాత రోజుల్లో కొండ ప్రాంతాల్లో మెకానిక్‌లు చిన్న జెట్లు వేసింది ఇందుకే.

ఇంజెక్షన్ కారుకి ఈ బాధ లేదు. గాలి పల్చబడిందని సెన్సర్ చెప్పేస్తుంది, కంప్యూటర్ పెట్రోల్ తగ్గించేస్తుంది.

ఘాట్ దిగేటప్పుడు ఇంకో తేడా. ఇంజెక్షన్ కారు గేర్‌లో ఉండి, మీరు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే కంప్యూటర్ పెట్రోల్‌ని దాదాపు ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజిన్ ఆగకుండా ఉండాలని మళ్లీ పెట్రోల్ ఇవ్వడం మొదలుపెడుతుంది. అంటే పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో ఘాట్ దిగడం వల్ల ఆదా లేదు సరికదా, ఇంజిన్ బ్రేకింగ్ లేక బ్రేకులు వేడెక్కి ప్రాణాల మీదకి వస్తుంది.

ఇంజెక్షన్ కారు: సెన్సర్లు చూస్తాయి, కంప్యూటర్ లెక్కేస్తుంది

ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కొత్తేమీ కాదు. 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో బాష్ కంపెనీ సిస్టమ్ వచ్చింది. 1976లో వోల్వో కార్లతో లాంబ్డా సెన్సర్, అంటే ఆక్సిజన్ సెన్సర్ రంగంలోకి దిగింది. అసలు ఆట మారింది అక్కడే.

మన దగ్గర 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మెట్రో నగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. ఉద్గారాల రూల్స్ కఠినమయ్యేకొద్దీ కార్బురేటర్ కార్లు తప్పుకున్నాయి. 1983లో కార్బురేటర్‌తో మొదలైన మారుతి 800 కూడా 2000 ప్రాంతంలో 'ఎంపీఎఫ్ఐ' బ్యాడ్జ్ పెట్టుకుంది. ఎంపీఎఫ్ఐ అంటే ప్రతి సిలిండర్‌కీ విడిగా ఓ ఇంజెక్టర్ ఉండడం.

ఇందులో పని ఇలా జరుగుతుంది. ఎంత గాలి వస్తోంది, దాని వేడి ఎంత, ఇంజిన్ వేడి ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇంజిన్ ఎన్ని ఆర్పీఎంలో తిరుగుతోంది.. ఇవన్నీ సెన్సర్లు ఈసీయూ అనే కంప్యూటర్‌కి చెబుతాయి. అది లెక్క వేసి ఇంజెక్టర్‌ని కొన్ని మిల్లీ సెకన్ల పాటు తెరుస్తుంది. స్లోలో అయితే 2, 3 మిల్లీ సెకన్లు చాలు.

కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సైలెన్సర్ లైన్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చూస్తుంది. మామూలు రకం సెన్సర్ రిచ్ అయితే 0.9 వోల్టుల దాకా, లీన్ అయితే 0.1 వోల్ట్ దాకా సిగ్నల్ ఇస్తుంది. ఈసీయూ దాన్ని చూసి పెట్రోల్ కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ 14.7 చుట్టూనే ఆడిస్తుంది. దీన్నే క్లోజ్డ్ లూప్ అంటారు. సెన్సర్ వేడెక్కకముందు, ఫుల్ యాక్సిలరేటర్‌లో ఉన్నప్పుడు ముందే రాసిపెట్టిన టేబుల్ ప్రకారం నడుస్తుంది. అది ఓపెన్ లూప్.

అన్నం వండేటప్పుడు కొలత ప్రకారం నీళ్లు పోసి మూత పెట్టేయడం కార్బురేటర్. మధ్యమధ్యలో మూత తీసి మెతుకు పట్టి చూసి మంట సరిచేయడం ఇంజెక్షన్. తేడా అంతే.

'ట్యూనింగ్' అంటే ఇప్పుడు ఏంటి? స్కానర్‌లో ఈ అంకెలు చూడండి

ఇంజెక్షన్ కారులో మిక్చర్‌ని చేత్తో సెట్ చేసే పని లేదు. కంప్యూటర్ ఎంత సర్దుబాటు చేసుకుంటోందో చూసి జబ్బు పట్టుకోవడమే ట్యూనింగ్. దానికి దారి 'ఫ్యూయల్ ట్రిమ్'. మొబైల్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ స్కానర్‌లో కూడా ఇది కనిపిస్తుంది.

షార్ట్ టర్మ్ ట్రిమ్ అంటే ఈ క్షణంలో చేస్తున్న సర్దుబాటు. లాంగ్ టర్మ్ ట్రిమ్ అంటే కొన్నాళ్లుగా నేర్చుకున్న సర్దుబాటు. ప్లస్ వస్తే ఈసీయూ పెట్రోల్ కలుపుతోందని, అంటే మిక్చర్ లీన్ అవుతోందని అర్థం. మైనస్ వస్తే తగ్గిస్తోందని, అంటే రిచ్ అవుతోందని అర్థం. రెండూ కలిపి ప్లస్ 10 నుంచి మైనస్ 10 శాతం లోపల ఉంటే సాధారణంగా కంగారు అక్కర్లేదు.

ఉదాహరణకి మూడు కేసులు చూద్దాం.

కేసు 1: స్లోలో ప్లస్ 18, అదే 2500 ఆర్పీఎంలో ప్లస్ 3. గాలిని మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌తో కొలిచే కార్లలో ఇది ఎక్కువగా వ్యాక్యూమ్ లీక్. స్లోలో వచ్చే గాలే తక్కువ కాబట్టి దొంగ గాలి ప్రభావం ఎక్కువ కనిపిస్తుంది. ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న కార్లలో ట్రిమ్ కంటే ముందు స్లో పెరిగిపోవడం కనిపిస్తుంది.

కేసు 2: స్లోలో బాగానే ఉంది, రేస్ ఇచ్చి లోడ్ పెంచేకొద్దీ ప్లస్ పెరుగుతోంది. పెట్రోల్ చాలట్లేదు. ఫ్యూయల్ పంప్ బలహీనపడిందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, ఇంజెక్టర్లు పూడుకుపోయాయా చూడాలి.

కేసు 3: ట్రిమ్ మైనస్ 15. పెట్రోల్ ఎక్కువవుతోంది. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, ఫ్యూయల్ ప్రెషర్ ఎక్కువ కావచ్చు. ఇంజిన్ వేడెక్కినా 'ఇంకా చల్లగానే ఉంది' అని కూలెంట్ సెన్సర్ అబద్ధం చెబుతున్నా ఇదే జరుగుతుంది.

సర్దుబాటు హద్దు దాటితే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. పి0171 కోడ్ వస్తే లీన్, పి0172 వస్తే రిచ్. అయితే కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. సెన్సర్ పొగలో ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది. సెన్సర్ ముందు సైలెన్సర్ పైపుకి చిల్లు ఉన్నా, ఒక సిలిండర్ మిస్సింగ్ ఇచ్చి ఆ గాలి అలాగే బయటికి వచ్చినా.. అది 'లీన్' అనే చెబుతుంది. చెడు వార్త తెచ్చినవాడినే మార్చేస్తే వార్త మారదు కదా!

ఈ20 పెట్రోల్ వేస్తే ఏ కారుకి ఏమవుతుంది?

ఇప్పుడు అందరూ అడుగుతున్న ప్రశ్న ఇదే. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఫిబ్రవరిలో దేశంలో దీని అమ్మకాలు మొదలయ్యాయి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి అది కాలడానికి తక్కువ గాలి చాలు. మామూలు పెట్రోల్‌కి 14.7 కావాల్సిన చోట ఈ10కి సుమారు 14.1, ఈ20కి సుమారు 13.5 చాలు.

కార్బురేటర్‌కి ఈ సంగతి తెలియదు. జెట్ రంధ్రం అదే, వచ్చే పెట్రోల్ అంతే. ఒకప్పటి ఇథనాల్ లేని పెట్రోల్‌కి సెట్ చేసిన బండిలో ఈ20 పోస్తే మిక్చర్ దాదాపు 8 శాతం లీన్ అవుతుంది. చల్లటి ఇంజిన్ మొరాయించడం, పికప్ తగ్గడం, జర్క్‌లు.. ఇవన్నీ అందుకే. తెలిసిన మెకానిక్ మిక్చర్ మళ్లీ సెట్ చేసి, అవసరమైతే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పాత రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు, కార్బురేటర్ లోపలి రబ్బరు భాగాలు మాత్రం తప్పకుండా చూపించుకోవాలి. ఇథనాల్‌కి తట్టుకునేలా వాటిని తయారు చేయలేదు. పైగా ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారులో పెట్రోల్ అలాగే ఉంచేయకపోవడం మంచిది.

ఇంజెక్షన్ కారులో ఆక్సిజన్ సెన్సర్ తేడా పసిగడుతుంది, ఈసీయూ ఆ మేరకు పెట్రోల్ పెంచుకుంటుంది. అందుకే ఈ20 వేశాక ట్రిమ్ కొంచెం ప్లస్ వైపు జరిగితే అది జబ్బు కాదు. అయితే ఓ మెలిక ఉంది. ఇప్పటికే ఫిల్టర్ మూసుకుపోయి ప్లస్ 12లో నడుస్తున్న కారుకి ఈ20 తోడైతే హద్దు దాటి లైట్ వెలగొచ్చు. అప్పుడు తప్పంతా పెట్రోల్ మీద వేయకుండా పాత జబ్బుని కూడా వెతకాలి.

మరి మైలేజ్? లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో సుమారు మూడింట రెండు వంతులే. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్ ప్రకారం.. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం డిజైన్ చేసి, ఈ10కి సెట్ చేసిన కార్లలో ఈ20తో 6 నుంచి 7 శాతం మైలేజ్ తగ్గొచ్చు. ఈ10 కోసం డిజైన్ చేసి, ఈ20కి సెట్ చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గొచ్చు. స్క్రూ తిప్పినా, స్కానర్ పెట్టినా ఈ తగ్గుదలని పూర్తిగా వెనక్కి తేలేం. తెస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఆలోచించుకోండి.

పొల్యూషన్ టెస్ట్ స్లిప్ చదవడం వస్తే సగం సమస్య తెలిసినట్టే

చాలామంది పొల్యూషన్ సర్టిఫికెట్‌ని చలానా తప్పించుకునే కాగితంలా చూస్తారు. నిజానికి అది మీ ఇంజిన్ బ్లడ్ రిపోర్ట్. బీఎస్-2 కంటే ముందు పెట్రోల్ కార్లకి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి. బీఎస్-2, బీఎస్-3 కార్లకి 0.5 శాతం. బీఎస్-4 కార్లకి 0.3 శాతం. బీఎస్-4 నుంచి 2500 ఆర్పీఎం దగ్గర లాంబ్డా కూడా చూడాలి. అది 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి.

కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ ఉంటే రిచ్. అది తక్కువ ఉండి హైడ్రోకార్బన్లు మాత్రం ఎక్కువ ఉంటే లీన్ వల్లో, ప్లగ్ వల్లో మిస్సింగ్ ఉన్నట్టు. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలనుకునేవాళ్లు ముందే ఎనలైజర్ రీడింగ్ తీయించుకుంటే చివరి నిమిషంలో పరుగులు తప్పుతాయి.

రీమ్యాప్ చేయిస్తే మంచిదేనా?

'ఈసీయూ రీమ్యాప్ చేస్తే పవర్ పెరుగుతుంది, మైలేజ్ కూడా పెరుగుతుంది' అన్న రీల్స్ మీరూ చూసే ఉంటారు. రీమ్యాప్ అంటే ఈసీయూలోని టేబుల్స్ మార్చడం. ఫుల్ లోడ్‌లో పెట్రోల్ ఎంత, స్పార్క్ ఎప్పుడు అన్నవి తిరగరాస్తారు. టర్బో ఇంజిన్లలో తేడా గట్టిగానే కనిపిస్తుంది. టర్బో లేని చిన్న పెట్రోల్ ఇంజిన్లలో వచ్చేది కొద్దిగానే. మామూలు డ్రైవింగ్‌లో మిక్చర్‌ని ఆక్సిజన్ సెన్సర్ ఎలాగూ 14.7 దగ్గరే ఉంచుతుంది కాబట్టి మైలేజ్ అమాంతం పెరగడానికి అక్కడ పెద్దగా చోటు లేదు.

వైడ్‌బ్యాండ్ సెన్సర్, డైనో లేకుండా కేవలం ఫైల్ ఎక్కించేస్తే ఫుల్ యాక్సిలరేటర్‌లో మిక్చర్ లీన్ అయినా తెలియదు. తెలిసేసరికి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. వారంటీ పోయే రిస్క్ సరేసరి.

ఇవి మాత్రం అస్సలు చేయకండి

- మూసి ఉన్న గ్యారేజీలో, షట్టర్ దించిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి ట్యూనింగ్ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు. తలనొప్పి, మత్తు అనిపించేలోపే ప్రాణం తీస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పాత కారు, అందులోనూ రిచ్‌గా నడిచేది, మరీ ప్రమాదం.
- వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చల్లి లీక్ వెతకొద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు.
- మిస్సింగ్ ఇస్తున్న ఇంజెక్షన్ కారుని 'సర్దుకుంటుందిలే' అని నడపొద్దు. కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతుంది, లోపలి జల్లెడ కరిగిపోతుంది. వందల్లో పోయే ప్లగ్ ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఆరుతూ ఉంటే స్పీడ్ తగ్గించి, వీలైనంత త్వరగా బండి చూపించాలి.
- కోడ్ డిలీట్ చేసి లైట్ ఆర్పేసి 'రిపేర్ అయిపోయింది' అంటే నమ్మొద్దు. కారణం ఏంటని అడగండి.

చివరిగా..

కార్బురేటర్ కారు ఉంటే.. ముందు ఫిల్టర్, ప్లగ్గులు, పైపులు, గ్యాస్కెట్లు చూపించండి. మిక్చర్ స్క్రూ సంగతి ఆ తర్వాతే. తిప్పేముందు ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి రాసుకోమనండి, తేడా వస్తే మళ్లీ అక్కడికే తేవచ్చు. ఇంజెక్షన్ కారు ఉంటే.. 'ట్యూనింగ్ చెయ్యి' అనడం మానేసి, 'ఫ్యూయల్ ట్రిమ్ ఎంతుందో చూపించు' అని అడగండి. ఆ ప్రశ్న విన్నాక మెకానిక్ స్కానర్ తీస్తాడా, ముందే పార్టుల లిస్ట్ తీస్తాడా అన్నదాన్ని బట్టి ఆ షెడ్డులో బండి వదలాలో వద్దో మీకే అర్థమైపోతుంది.